అలమరను అడుగవలసిన నాలుగు ప్రశ్నలు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిన మాట నేటికిని చెల్లుచున్నది. గోడలు లేచి, కప్పు పడి, కూడబెట్టిన సొమ్ము అడుగంటిన వేళకు వంటయింటి అలమరల ప్రసక్తి వచ్చును. వ్యాపారి రంగురంగుల బొమ్మల పుస్తకమొకటి తెచ్చి ఎదుట పెట్టును. అందులోని అలమరలన్నియు అద్దమువలె మెరయుచుండును. కొన్నింటి ప్రక్కన ఆకుపచ్చని ఆకు గుర్తు వేసి “పర్యావరణమునకు హితమైనది” అని వ్రాసియుండును. ఆ ఆకును చూచి నమ్మవలెనా? నమ్ముటకు ముందు అడుగవలసినది ఏమైన ఉన్నదా?

ఇది అలంకారమునకు సంబంధించిన చిన్న విషయమని త్రోసివేయుటకు వీలు లేదు. వంటయిల్లు ఇంటిల్లిపాదికిని అన్నము పెట్టు చోటు. మన తల్లులును అక్కచెల్లెండ్రును దినమునకు ఎన్నో గంటలు అక్కడనే గడుపుచున్నారు. అక్కడి గాలి, అక్కడి కలప, అక్కడ పెట్టిన ఖర్చు, ఈ మూడును కుటుంబక్షేమమునకు సంబంధించినవే.

మా హోసూరు చుట్టుపట్టుల కర్మాగారములు పెరిగినకొలది ఇండ్లును పెరుగుచున్నవి. మన విద్యార్థుల తల్లిదండ్రులలో పలువురు బ్యాంకు ఋణముతో ఇల్లు కట్టుకొనుచున్నవారే. వారి చేతికి వచ్చు అంచనా కాగితము చూచినచో ఎం.ఆర్., బి.డబ్ల్యు.పి., ఎం.డి.ఎఫ్. వంటి పొడి అక్షరములే కానవచ్చును. తెలుగు చదివిన తల్లికిని, తమిళము చదివిన పొరుగింటి తల్లికిని ఆ అక్షరములు సమానముగనే మూగవి. అర్థము కాని కాగితముపై చేసిన సంతకమునకు మాత్రము ఏండ్ల తరబడి వాయిదాలు కట్టవలసియుండును. మేము ఉపాధ్యాయులము గాని వడ్రంగులము కాము. అయినను తెలియని మాటకు అర్థము చెప్పుట మా వృత్తిధర్మము. కావున ఈ విషయమును మన భాషలో కొంత విచారింపదలచితిమి.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాము. అలమర మంచిచెడ్డలను దాని మెరుపు నిర్ణయింపదు, ముద్రయు నిర్ణయింపదు. దాని ఆయుష్షు నిర్ణయించును. చిరకాలము నిలిచి, చెడిన చోట బాగుచేయుటకు వీలైన వస్తువే ప్రకృతికి మిత్రము.

పూర్వపు వంటయింటిని ఒకసారి తలచుకొందము. గోడ కట్టునప్పుడే వదలిన ఖాళీ గూడయ్యెను. దానికి కలపతో పనియే లేదు. పైన అటక ఉండెడిది. పాలు, పెరుగు పిల్లికి అందకుండ ఉట్టి, కుండ దొరలకుండ కుదురు, ధాన్యమునకు వెదురుతో అల్లి పేడతో అలికిన గాదె ఉండెడివి. ఇవి పాతబడినపుడు మట్టినుండి వచ్చినది మట్టిలోనికే పోయెను. అట్లని ఆ కాలమే సర్వోత్తమమని మేము చెప్పుట లేదు. పొగలో కన్నులు మండగా నేలపై కూర్చుండి, వంగి లేచి వండిన తల్లుల నడుములను అడిగినచో ఆ కాలపు కష్టము తెలియును. ఎలుకలకును బొద్దింకలకును తెరచియున్న గూళ్ళు ధర్మసత్రములు. సౌకర్యము కోరుట తప్పు కాదు.

నేటి అమర్పు అలమరల వంటయింటికి మూలము కూడ అట్టి సదుద్దేశమే. 1926వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున కార్మిక కుటుంబముల కొరకు కట్టుచున్న ఇండ్లకు మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అను ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పిని ఒక వంటయిల్లు రూపొందించెను. చిన్న గదిలో అన్నియు చేతికందునట్లు అమర్చి స్త్రీల శ్రమను తగ్గించుట ఆమె సంకల్పము. సుమారు 10,000 ఇండ్లలో దానిని నెలకొల్పిరి. అందు మనము గమనింపదగిన విశేషమొకటి కలదు. దినుసుల కొరకు ఆమె చేతిపిడి గల అల్యూమినియపు పెట్టెలను అమర్చెను. పిండికి మాత్రము పురుగును దరిజేరనీయదని ఓకు చెక్కతో సొరుగు చేయించెను. ఏ పనికి ఏ ద్రవ్యము తగునో ఆలోచించి వాడుటయే ఆమె గొప్పతనము. నేడు అంగళ్ళలో అమ్ముడుపోవుచున్న అనుకరణలలో ఆ రూపము కలదు గాని ఆ ఆలోచన కొరవడినది. తొట్టి క్రింద, పొయ్యి ప్రక్కన, అటక మీద, అంతటను ఒకే అట్టచెక్క!

ఆ ఆలోచనను తిరిగి తెచ్చుకొనుటకు, అలమరను కొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి.

మొదటి ప్రశ్న: నీవు ఎచ్చటినుండి వచ్చితివి?

ఒకప్పుడు మన దేశమున ప్లైవుడ్డునకు కావలసిన మ్రానులు అధికముగ అడవులనుండియే వచ్చెడివి. 1996 డిసెంబరు 12వ తేదీన గోదావర్మన్ తిరుముల్పాడు వ్యాజ్యములో సుప్రీముకోర్టు ఇచ్చిన ఉత్తరువు ఈ చరిత్రను మలుపు త్రిప్పినది. ఆమోదము పొందిన ప్రణాళిక లేక అడవిలో చెట్లు కొట్టరాదని న్యాయస్థానము ఆజ్ఞాపించెను. అటుపిమ్మట పరిశ్రమ రైతుల పొలముల వైపు చూపు త్రిప్పెను. హర్యానాలోని యమునానగరమున పాప్లరు చెట్టును, కేరళలోని పెరుంబావూరున రబ్బరు చెట్టును ప్లైవుడ్డు పరిశ్రమకు ఆధారములైనవి. నీలగిరి చెట్టు అను యూకలిప్టసును కూడ పొలములలో పెంచుచున్నారు.

రబ్బరు చెట్టు కథ విద్యార్థులు తెలిసికొనదగినది. సుమారు 25, 30 ఏండ్లు పాలు ఇచ్చిన పిమ్మట ఆ చెట్టు వట్టిపోవును. క్రొత్త మొక్క నాటుటకై దానిని కొట్టివేయక తప్పదు. ఒకనాడు అది వంటచెరకుగ పోయెడిది. దానికి పురుగు పట్టు గుణము మెండు. కోసిన వెంటనే బోరాక్సు, బోరికామ్లము కలిపిన ద్రావణమును పట్టించి ఆరబెట్టినచో అదియే అందమైన బల్లగను, అలమర తలుపుగను మారును. వెదురు కూడ అట్టిదే. మూడు నుండి అయిదేండ్లలో పక్వమై, కొట్టినకొలది దుబ్బునుండి మరల మొలచును. 2017లో భారత అటవీ చట్టమును సవరించి, అడవి వెలుపల పెంచిన వెదురును “చెట్టు” అను నిర్వచనమునుండి తొలగించిరి. రైతు దానిని కొట్టి అమ్ముకొనుటకు మార్గము సుగమమైనది.

కావున “అడవి టేకు” అని గర్వముగ చెప్పు మాట విని మురియవలదు. ఏ తోటది, ఏ పొలముది అని అడుగుడు. సక్రమముగ పెంచిన వనములనుండి వచ్చిన కలపకు ఎఫ్.ఎస్.సి. వంటి గుర్తులు కలవు; ఆ సంస్థ 1993లో ఏర్పడినది. పాత యిల్లు కూల్చిన చోట దొరకు దూలములు, వాసములు, తలుపులు అన్నింటికంటె ఉత్తమము. వాటికొరకు క్రొత్తగ ఒక చెట్టునైనను కొట్టనక్కరలేదు.

రెండవ ప్రశ్న: ఎంతకాలము నిలుతువు?

ఎండిన కలప బరువులో సుమారు సగము కర్బనమే. చెట్టు దానిని గాలినుండి గ్రహించినది. అలమర నిలిచినంతకాలము ఆ కర్బనము చెక్కలో అణగియుండును. తగులబెట్టిన నాడు తిరిగి గాలిలో కలియును. అందుచేత ఒక చెట్టు పెరుగుటకు ఎంతకాలము పట్టినదో, దానితో చేసిన వస్తువు కనీసము అంతకాలమైన నిలువవలెననుట న్యాయము.

ఇచ్చట ఆ పొడి అక్షరముల అర్థము తెలియవలెను. కలప ముక్కలను, కొన్నిచోట్ల చెరకు పిప్పిని, జిగురుతో కలిపి అదిమిన పలక పార్టికిలు బోర్డు. కలపను నారగ మార్చి అదిమినది ఎం.డి.ఎఫ్. పలుచని పొరలను ఒకటి నిలువుగను, తరువాతిది అడ్డముగను పేర్చి అతికించినది ప్లైవుడ్డు. పొరలు ఒకదాని నొకటి పట్టియుంచుటచే అది సులభముగ వంగదు, ఉబ్బదు. ఎం.ఆర్. అనగా గాలిలోని తేమకు ఓర్చునది. నీటికి ఓర్చునది కాదు. ఈ ఒక్క తేడా తెలియక తొట్టి క్రింద ఎం.ఆర్. పలక వేయించి నష్టపోవువారు పెక్కుమంది. బి.డబ్ల్యు.ఆర్. అనగా మరుగు నీటికి కొంత ఓర్చునది. బి.డబ్ల్యు.పి. అనగా మరుగు నీటికి చెక్కుచెదరనిది. ఐ.ఎస్. 710 అను ప్రమాణము గల ప్లైవుడ్డును 72 గంటలు నీటిలో మరిగించి పరీక్షింతురు.

నీరు పలక నడుమనుండి ప్రవేశింపదు. అంచులనుండియు, మరమేకుల రంధ్రములనుండియు ప్రవేశించును. అంచులు సరిగ మూయని అట్టచెక్క అలమర కొన్ని వానకాలములకే ఉబ్బి, మరమేకు పట్టు వదలి, తలుపు వ్రేలాడును. దానిని వడ్రంగి బాగుచేయలేడు. పొడి అయిన దానికి మేకు ఎక్కడ కొట్టును? గట్టి కలపతో చేసినది అట్లు కాదు. ఒక చెక్క కొనను సన్నముగ చెక్కి మరియొక చెక్క రంధ్రములో దిగగొట్టి బిగించిన పాత అతుకును విప్పవచ్చును, చిత్రిక పట్టవచ్చును, మరల బిగింపవచ్చును. తాతగారి బోషాణము మనుమరాలి బియ్యపు పెట్టె అగుటకు కారణమిదియే.

మూడవ ప్రశ్న: మా ఇంటి గాలికి ఏమి చేయుదువు?

అట్టచెక్కలను అతికించు జిగురులలో ఎక్కువగ వాడబడునది యూరియా ఫార్మాల్డిహైడు. చౌక యగుటచే దానికి ప్రచారము హెచ్చు. దానినుండి ఫార్మాల్డిహైడు అను వాయువు కొంచెము కొంచెముగ వెలువడుచుండును. క్రొత్త అలమర తెరవగానే ముక్కునకు తగులు ఘాటును, కన్నుల మంటయు తరచుగ దానివే. వేడియు, తేమయు పెరిగినకొలది అది అధికముగ వెలువడును. వేడికిని తేమకును వంటయింటిని మించిన చోటు ఇంటిలో ఏది? ఈ వాయువు మనుష్యులకు కాన్సరు కలిగింపగలదని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించెను.

ఇందుకు భయపడి పరుగెత్తనక్కరలేదు, అడిగి కొనవలెను. ఇ-1, ఇ-0 అను గుర్తులు ఈ వాయువు తక్కువగ వెలువడు పలకలకు ఇత్తురు. నీటికి ఓర్చు ప్లైవుడ్డులో వాడు ఫినాలు జిగురు యూరియా జిగురుకంటె ఈ విషయమున మేలు. క్రొత్త అలమరలను బిగించిన పిమ్మట కొన్ని వారములు తలుపులు, కిటికీలు తెరచియుంచవలెను. పలక అంచులన్నియు మూయించినచో నీరును లోనికి పోదు, వాయువును బయటికి తక్కువగ వచ్చును.

జిగురును, రంగును చెట్టునుండియే తీయు విద్య మనవారికి క్రొత్త కాదు. కొండపల్లి బొమ్మలకు చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కును వాడుదురు. ఏటికొప్పాక బొమ్మలకు లక్కతోను, గింజల, బెరడుల రంగులతోను నునుపు తెత్తురు. బొమ్మకు చాలిన జిగురు వంటయింటి బరువునకు చాలునని మేము చెప్పము. అయినను అలమర తలుపునకు అవిసె నూనె పట్టించుట, లక్కపూత వేయుట సాధ్యమైన పనియే.

నాలుగవ ప్రశ్న: తుదకు ఎచ్చటికి పోదువు?

ఈ ప్రశ్నను ఎవరును అడుగరు. అడుగవలసినది మాత్రము ఇదియే. ఉబ్బిన అట్టచెక్కను పాత సామానుల వర్తకుడు తీసికొనడు. జిగురును, పైన అతికించిన సన్‌మైకాయు కలిసి దానిని మట్టిలో కలియనీయవు. ఊరి చివర చెత్తకుప్పలో దానిని తగులబెట్టినచో ఆ పొగ మరల మనలనే చేరును. ఇనుము, ఉక్కు అట్లు కాదు. తూకమునకు అమ్ముడుపోయి కొలిమిలో కరగి మరల పుట్టును. గట్టి కలప పీటయగును, చివరకు వంటచెరకైన నగును. రాతి పలక ఒక యింటినుండి మరియొక యింటికి పోవును.

రాతిని గూర్చి చెప్పక ఈ వ్యాసము ముగింపరాదు. మన ప్రాంతపు పాత ఇండ్లలో వంటయింటి అరలన్నియు నల్లని కడపరాతి పలకలే. తమిళ సోదరులు దానిని “కడప్పా కల్” అందురు. మహారాష్ట్రమునను అది “కడప్పా” యే. తెలుగునాట పుట్టిన రాయి పొరుగు భాషల వంటయిండ్లలో తన ఊరి పేరుతోనే కాపురము చేయుచున్నది! అది సున్నపురాయి జాతి. నిమ్మరసము, చింతపండు పులుసు పడినచో మచ్చ పడును. వెంటనే తుడిచినచో చాలును. చెదలు పట్టదు, నీటికి ఉబ్బదు, ఏ వాయువును వదలదు. రాతి గనులవలన గోతులు, గుట్టలు ఏర్పడుచున్నమాట నిజము. రాతి దుమ్ము కార్మికుల ఊపిరితిత్తులకు చేటు చేయుటయు నిజము. నేడు పేరు పడిన క్వార్ట్జు కృత్రిమ శిలను కోయుటవలన పనివారికి సిలికోసిసు వ్యాధి కలుగుచున్నదని ఆస్ట్రేలియా దేశము 2024 జులై 1 నుండి దానిని నిషేధించినది. కావున రాయి కూడ నిర్దోషి కాదు. అందుచేతనే ఒకసారి తెచ్చిన రాతిపలకను రెండు తరములు వాడుకొనవలెను. ఫ్యాషను మారినదని పగులగొట్టి పారవేయుట అపరాధము.

ఇంతవరకు చదివిన గృహిణులు, “మీ మాటలు బాగున్నవి; దుమ్ము తుడుచువారము మేము గదా!” అనవచ్చును. ఆ మాట ముమ్మాటికి న్యాయమైనది. తెరచియున్న రాతి అరను దినదినమును తుడుచుట శ్రమయే. ఉదయము కర్మాగారమునకు పోయి సాయంకాలము వచ్చు తల్లికి మూసియుండు అలమర అవసరమే. మేము కోరునది పాత వంటయింటికి తిరిగి పోవుట కాదు. ఉన్నదానిని పూర్తిగ పెకలింపకుండుట. గోడలోని రాతి అరలను అట్లే ఉంచి వాటికి తలుపులు మాత్రము పెట్టింపవచ్చును. తలుపులు రబ్బరు చెక్కవి గాని, వెదురు పలకవి గాని, పాత టేకువి గాని కావచ్చును. తొట్టి క్రింద చెక్కను వాడక రాయియో, ఉక్కో వాడవలెను. సొరుగులు కావలసిన రెండు మూడు చోట్ల మాత్రము మంచి ప్లైవుడ్డు వాడుట మేలు. పదేండ్లకు తలుపు చెడినచో తలుపు మార్చుదురు. అలమర అంతయు చెత్తకు పోదు. ఇట్టి పనివలన ఊరిలోని వడ్రంగికిని రాతి పనివానికిని కూలి దొరకును.

“మాతృభాషా పాఠశాలలో చదివిన ప్రయోజనమేమి?” అని మనలను ప్రశ్నించువారు కలరు. పద్యములు, వ్యాకరణము మాత్రమే ప్రయోజనమని మేము ఎన్నడును తలపలేదు. తన ఇంటికి వచ్చిన వస్తువును పేరు పెట్టి పిలిచి, దాని మంచిచెడ్డలను తన మాటలలో అడుగగలుగుట కూడ భాష ఇచ్చు బలమే. గూడు, అటక, ఉట్టి, కుదురు, బోషాణము అను మాటలు నిఘంటువులో బ్రదుకుట చాలదు. ఆ వస్తువులతో పాటు వాటి వెనుకనున్న వివేకమును మన పిల్లలకు తెలియవలెను. అట్లే ఫార్మాల్డిహైడు, ప్లైవుడ్డు వంటి క్రొత్త మాటలకును మన భాషలో అర్థము చెప్పుకొనగలుగవలెను. పాత మాటను కాపాడి క్రొత్త మాటను జీర్ణించుకొనిన భాషయే పరాయి నేలపైనను వాడిపోదు.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీకు ఒక చిన్న పని అప్పగించుచున్నాము. మీ వంటయింటిలో వస్తువులు దాచు ప్రతి చోటును చూచి, దాని పేరు, అది దేనితో చేసినది, ఎన్ని ఏండ్లనుండి ఉన్నది, చెడినచో ఎవరు బాగుచేయుదురు అను నాలుగు వివరములను తెలుగులో వ్రాసి తెండు. మీ ఇంటనో, పొరుగింటనో క్రొత్త అలమరల ప్రయత్నము జరుగుచున్నచో ఆ అంచనా కాగితమును తెచ్చినను సరియే. అందులోని పొడి అక్షరములను తరగతిలో విప్పి చదువుదము. తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఆకు గుర్తును చూచి సంతకము చేయవలదు. నాలుగు ప్రశ్నలు అడుగుడు. నాలుగింటికిని సమాధానము చెప్పగల వ్యాపారియొద్దనే కొనుడు.